ఎద్దు చేసిన ప్రతిజ్ఞ

ఆత్మకూరు డిగ్రీ కాలేజీ మీటింగు హాల్లో, రెండు వందల మంది ముందు, ఒక ఎద్దు చేత "నీ కాళ్ళు పట్టుకోనైనా పని నేర్చుకుంటా" అని ప్రతిజ్ఞ చేయించింది నేనే. తప్పించుకోను. ఇప్పటికీ ఆ ఊరి బస్టాండులో ఎవరో ఒకరు నన్ను చూసి, "ఏం కామాక్షీ, ఎద్దు బాగుండాదా?" అని పలకరిస్తారు. "బాగుండాది, నిన్నే అడిగింది" అని నేనూ జవాబిస్తాను. తల దించుకునేంత పని నేను చేయలేదని నా గట్టి నమ్మకం. అంతా విన్నాక మీకు వేరే అభిప్రాయం కలిగితే అది మీ దగ్గరే ఉంచుకోండి.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. వారమంతా ఆత్మకూరు హాస్టల్లో ఉండి, శనివారం బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని. నాకున్న ఒకే ఒక్క వ్యసనం జపాన్ బొమ్మల సీరియళ్ళు. అనిమే అంటారు. "ఇంత వయసొచ్చి బొమ్మలు చూస్తావా?" అని అడిగిన ప్రతివాళ్ళకీ నా సమాధానం ఒకటే. "మీ సీరియల్లో అత్తగారు ముప్పై రోజులుగా ఒకే కాఫీలో విషం కలుపుతా ఉండాది. నా బొమ్మలు ఇరవై రెండు నిమిషాల్లో పని ముగించుకుని ఇంటికి పోతాయి."

చూసి ఊరుకుంటే ఈ కథే లేదు. నెట్‌లో పరిచయమైన ముగ్గురితో కలిసి ఆ ఎపిసోడ్లకు తెలుగు సబ్‌టైటిల్స్ తయారుచేయడం మొదలుపెట్టాను. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అభిమానానికి ఎవరైనా అడగాలా? వాళ్ళు జపాను మాటలకు అర్థం రాసి పంపేవాళ్ళు. ఆ అర్థాన్ని బొమ్మ కింద కనిపించే తెలుగుగా మార్చడం నా వంతు. నా వంతు అని గొప్పగా చెబుతున్నానుగానీ, అసలు పని మా అవ్వది.

ఆ ఏడు మేము పట్టుకున్న కథ ఒక కొండ ఊళ్ళో గుడి గంటలు పోత పోసే ముసలావిడది. ఆమె దగ్గర పని నేర్చుకుంటానని ఒక పొగరుబోతు పిల్ల వచ్చి వాకిట్లో నిలబడుతుంది. ఆ ముసలావిడ మాటలు నాకెలా తెలుస్తాయి? శనివారం మధ్యాహ్నం అవ్వ చింతపండు గింజలు తీస్తుంటే పక్కన చేరేదాన్ని.

"అవ్వా, ఒక పిల్ల పని నేర్చుకుంటానని నీ వాకిట్లో నిలబడింది. పొమ్మనాల. ఏమంటావు?"

"ఎన్నాళ్ళ నుంచి నిలబడి ఉండాది?"

"మూడు రోజులు."

"తిన్నిందా?"

"లేదు."

"అయితే తినమంటా. తిన్నాక పొమ్మంటా."

"కథలో అట్టా లేదవ్వా."

"కథ రాసినోడికి బుద్ధి లేదు. సరే, రాసుకో. వాకిట్లో నిలబడితే ఎండుపుల్ల గూడా చిగురేస్తాది గానీ నీకు పని రాదు, పో!"

చూశారా? ఆ మాట నేను జన్మలో రాయగలనా? అది నాలుగో ఎపిసోడ్‌కని రాసి దాచుకున్నాను. అప్పటికే మూడు ఎపిసోడ్లు అవ్వ మాటలతో జపాను కొండల్లో ఉదయగిరి తెలుగు మోగింది. నాలుగోది మొదలుపెట్టేలోగా ఎవరో మహానుభావుడు మా పేజీ కింద ఒక ముక్క రాసి పోయాడు. "ఇది తెలుగా, నెల్లూరా?"

"ఎందుకు, నెల్లూరు జపాన్‌లో ఉండాదా?" అని వెంటనే తిప్పికొట్టాను. కొట్టానేగానీ, వారం రోజులు అన్నం సయించలేదు. మా తెలుగు మేడం హైమావతిగారు నా వాలకం చూసి సంగతి అడిగారు. చెప్పాను. ఆమె "వచ్చే నెల మన శాఖ సభ ఉంది కదా. మాండలికాల మీద. నీ నాలుగో ఎపిసోడ్ అక్కడ వేద్దాం. ఇది తెలుగో కాదో ఊరంతా కలిసి చూస్తుంది" అన్నారు.

ప్రిన్సిపాల్‌గారు "కాలేజీలో బొమ్మల సినిమాలేంది మేడం?" అని మొహం చిట్లిస్తే, "నాది పూచీ సార్" అని మేడం మాట ఇచ్చేశారు. ముఖ్య అతిథి రమణారెడ్డి మాస్టారు. రిటైరై చాలా ఏళ్ళయినా, నోట్లో వేపపుల్ల ఉండగా మాట్లాడిన మాటలో కూడా సంధి దోషం పట్టగలరని ఆయనకు పేరు.

ఇక నా తెలివితేటలు వినండి.

వీడియో అంటే ఒక పెద్ద ధాన్యపు రాశి. అలాగే మోయలేం గనుక ఒక పద్ధతి ప్రకారం కుక్కి మూట కడతారు. కట్టడానికీ విప్పడానికీ ఉన్న ఆ పద్ధతినే కోడెక్ అంటారు. పాత పద్ధతి ముడిని ఏ మిషనైనా విప్పుతుంది. కొత్త పద్ధతిలో మూట చిన్నది, బొమ్మ అందంగా ఉంటుంది, కానీ ఆ ముడి పాత మిషన్లకు తెలియదు. తెలియని ముడి చేతికిస్తే మూటను అటూ ఇటూ తిప్పి చూసి కూర్చుంటాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, హాల్లో అందరూ నోరెళ్ళబెట్టాలని, ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్త ముడి వేశాను. పట్టుచీర కట్టుకుని కళ్ళంలోకి దిగినట్టు.

సభకు ముందురోజు, కంప్యూటర్ ల్యాబు చూసుకునే మస్తానన్న మంచి మాటే చెప్పాడు. "ఈ పొద్దే తెచ్చి ఒకసారి వేసి చూడు పాపా. హాల్లో ఉండే మిషన్ నాకంటే ముందు రిటైర్ కావాల్సింది."

"మస్తానన్నా, రెండేళ్ళుగా నేను చేస్తా ఉండే పని ఇది. నాకే చెప్తావా?"

"చెప్పను తల్లీ" అని ఆయన చేతులు జోడించాడు. ఆ నమస్కారంలో ఎంత జాలి ఉందో నాకు ఇరవై నాలుగు గంటల తర్వాత అర్థమైంది.

సభ రోజు పొద్దున మా అవ్వ ఉదయగిరి నుంచి దిగింది. ఆమె మాటలు తెర మీద వస్తాయంటే రాకుండా ఉంటుందా? బిస్కెట్ రంగు కొత్త చీర, తలలో కనకాంబరాలు. బస్సులో ఎక్కినవాళ్ళకూ దిగినవాళ్ళకూ "నా మాటలు సినిమాలో వస్తాయంట" అని చెప్పుకుంటూ వచ్చిందట. కండక్టరు కూడా వస్తానన్నాడట, డ్యూటీ ఉండి ఆగిపోయాడు. అవ్వను తీసుకెళ్ళి మొదటి వరసలో, సరిగ్గా మాస్టారి పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. ఇంతకంటే పెద్ద పొరపాటు ఆ రోజు మరొకటి చేశాను, దాని దగ్గరికి వస్తాను.

మేడం నాలుగు మాటలు చెప్పి, "ఇప్పుడు మన కామాక్షి..." అన్నారు. చప్పట్లు. నేను పెన్‌డ్రైవ్ పెట్టి, నొక్కాను.

వాన చప్పుడు వచ్చింది. గంట మోగింది. పిల్ల ఏదో అరిచింది. తెర మాత్రం కాటుక డబ్బాలా నల్లగా ఉంది.

"కరెంటు పోయిందా?" అని వెనక నుంచి ఎవరో. "పోతే చప్పుడు ఎట్టా వస్తాదిరా?" అని ఇంకొకరు. "రేడియో నాటకమేమో" అని మూడో గొంతు.

"ఒక్క నిమిషం" అన్నాను. లోకంలో ఏ పనీ ఒక్క నిమిషంలో కాదని ఈ మాట అనేవాళ్ళందరికీ తెలుసు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ముందు ప్రొజెక్టర్‌ని తిట్టాను, తర్వాత వైరును తిట్టాను. ఆఖరికి నెట్‌లోంచి ఒక కోడెక్కుల మూట దించి మిషన్లో పోశాను. సభ మొదలయ్యాక కోడెక్కులు పట్టుకోవడమంటే ఇదే. మిషన్ ఒకసారి ఆగి, మళ్ళీ లేచి, ఆవులించి, బొమ్మ చూపించింది.

బొమ్మ వచ్చిందని ఒక్క క్షణం సంతోషించాను. ముసలావిడ ముఖం గోరింటాకు ముద్దలా పచ్చగా ఉంది. ఆకాశం రోజ్ మిల్క్ రంగులో ఉంది. వాన కూడా రోజ్ మిల్కే.

"జపాన్‌లో అట్టానే ఉంటారా మేడం?" అని ప్రిన్సిపాల్‌గారు నిజంగానే అడిగారు.

మస్తానన్న మెల్లగా నా పక్కన చేరాడు. "నిన్న చెప్పానే" అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కుట్టింది. ఇద్దరం కలిసి ఇంకో కొత్త ప్లేయర్ దించాము. రంగులు కుదిరాయి. కానీ ఆ మిషన్‌కు ఊపిరి చాల్లేదు. ముసలావిడ తలుపు తీయడం మొదలుపెట్టింది. ఆమె మాటలన్నీ అయిపోయాయి, ఉరుము ఉరిమింది, వాన వెలిసి పిట్టలు కూడా కూశాయి. తలుపు ఇంకా సగమే తెరుచుకుంది.

"మస్తానన్నా, పాత పద్ధతిలోకి మార్చేద్దాం. ల్యాబులో మంచి మిషన్ ఉండాది గదా."

"ఎంతసేపు పడతాది?"

"నలభై నిమిషాలు."

ఇద్దరం మేడం వైపు చూశాము. మేడం మాస్టారి వైపు చూశారు. "మాస్టారూ, మీ ప్రసంగం పది నిమిషాలు అనుకున్నాం కదా... మీకు అభ్యంతరం లేకపోతే..." అని అడిగారో లేదో, మాస్టారు లేచి కండువా సర్దుకున్నారు. రిటైరైనప్పటి నుంచి ఆయన దాచుకున్న వ్యాకరణమంతా ఆ నలభై నిమిషాల్లో హాలు మీద కురిసింది. సభలో ఆనందంగా ఉన్నది ఆయన ఒక్కరే. మిగతా నూట తొంభై తొమ్మిది మంది నా పేరు గుర్తుపెట్టుకున్నారు.

ల్యాబులో నేను ఫైలు మారుస్తున్నాను. సెకనుకు ఎన్ని బొమ్మలు కావాలి అని అడిగింది సాఫ్ట్‌వేర్. అసలు ఫైలులో సుమారు ఇరవై నాలుగు. కింద ఇరవై ఐదు అని కూడా ఉంది. ఒకటి ఎక్కువైతే నష్టమా? కూరగాయలవాడు కొసరు వేస్తే వద్దంటామా? ఇరవై ఐదు నొక్కాను.

ఆ కొసరే నా కొంప ముంచింది. బొమ్మా, ధ్వనీ రెండూ కొంచెం వేగం పెంచుకుని పరుగెత్తాయి. విడిగా ఉన్న నా తెలుగు అక్షరాలు మాత్రం పాత లెక్క ప్రకారం, పెళ్ళివారి వెనక నడిచే ముసలాయనలా, నిదానంగా వచ్చాయి.

మొదటి రెండు నిమిషాలు ఎవరికీ తెలియలేదు. బొమ్మ నిగనిగలాడింది, హాలు నిశ్శబ్దమైంది, నేను మస్తానన్న వైపు ఒక చూపు విసిరాను. ఆ చూపు వెనక్కి తీసుకునే అవకాశం ఇప్పుడు దొరికినా తీసుకుంటాను.

ఐదో నిమిషం. పిల్ల వానలో మోకాళ్ళ మీద కూలబడి, పళ్ళు బిగించి, తన ప్రతిజ్ఞ చెప్పింది. కింద ఏమీ రాలేదు. పిల్ల లేచి పక్కకు పోయింది. బండి కట్టిన ఎద్దు తెర నిండా ముఖం పెట్టి, మూతి నాక్కుంటూ, మన వైపు చూసింది. అప్పుడు వచ్చాయి అక్షరాలు.

"నీ కాళ్ళు పట్టుకోనైనా పని నేర్చుకుంటా!"

హాలు పేలిపోయింది. "పనిమంతుడైన ఎద్దురోయ్!" అని ఒకడు అరిచాడు. నేను మిషన్ మీద పడేలోగా, బండివాడు ఎద్దుతో అన్న మాట బయల్దేరింది. ఆ సరికి తెర మీద ఊరిపెద్ద పట్టుబట్టలతో, ఇద్దరు పరివారంతో, గంభీరంగా వాకిట్లోకి వస్తున్నాడు. ముసలావిడ వంగి నమస్కారం పెట్టింది. కింద అక్షరాలు:

"ముందు గడ్డి తిని పడుకో. తెల్లారి చూస్తాంలే."

ప్రిన్సిపాల్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. హైమావతి మేడం స్టేజి మెట్టు మీదకు వచ్చి, పెదవులు కదలకుండా అడిగారు. "కామాక్షీ, ఇది ఏమైనా ప్రయోగమా?"

"కాదు మేడం. పొరపాటు."

"అక్షరాలు వెనకబడినాయి పాపా" అన్నాడు మస్తానన్న. "బస్సు పోయినాక టికెట్ కొట్టినట్టుండాది."

అక్షరాలను పన్నెండు సెకన్లు ముందుకు జరిపాను. సరిగ్గా ఒక నిమిషం కుదిరాయి, మళ్ళీ జారాయి. ఇంకొంచెం జరిపాను, ఇంకొంచెం జారాయి. నీళ్ళలో సబ్బు పట్టుకున్నట్టు. నవ్వులు ఎక్కువవుతున్నాయి. ఇంతలో మొదటి వరసలో మా అవ్వ లేచి నిలబడింది.

"ఏమే కామాక్షీ! నా మాటలు వస్తాయంటివి. యాడ?"

"వస్తా ఉండాయి గదవ్వా! కింద చూడు, రాసుండాయి."

అవ్వ తెర దగ్గరికి రెండడుగులు వేసి, కళ్ళు చికిలించి చూసింది.

"కింద చీమల బారు ఉండాది. అదా?"

హాల్లో నవ్వు ఆగలేదుగానీ, నాకు వినిపించడం ఆగిపోయింది. మా అవ్వకు చదవడం రాదు.

ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో పెరిగాను. ఆమె వేలిముద్ర వేస్తుంటే పక్కన నిలబడి ఇంకు డబ్బా పట్టుకున్నాను. బస్సు బోర్డు చదివి పెట్టాను, మాత్రల మీద పేర్లు చదివి పెట్టాను. అలాంటి మనిషి మాటలను అక్షరాలుగా మార్చి, చూసి ఆనందించమని రెండు గంటలు బస్సులో రప్పించాను. బొమ్మకు ఏ కోడెక్ కావాలో పదిసార్లు ఆలోచించినదాన్ని, అవ్వకు ఏది కావాలో ఒక్కసారి ఆలోచించలేదు. ఎద్దు సంగతి నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. దీనికి మాత్రం ఇచ్చుకోవాల్సిందే.

ఒళ్ళు మండింది. ఎవరి మీద? మిషన్ మీద, ఆ ఇరవై ఐదు మీద, "ఇది తెలుగా" అన్నవాడి మీద, అందరికంటే నా మీద. సబ్‌టైటిల్స్ పూర్తిగా తీసి పారేశాను. బొమ్మను మళ్ళీ మొదటికి తెచ్చాను. మేడం ముందున్న మైకు లాక్కున్నాను. అడిగి తీసుకున్నానని తర్వాత చెప్పుకున్నాను, కానీ లాక్కున్నాను.

"నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నేనే చెప్తాను, వినండి" అన్నాను.

బొమ్మ నడిచింది. పిల్ల నోరు తెరిస్తే నేను పలికాను. బండివాడు తెరిస్తే గొంతు మార్చి పలికాను. వాన చప్పుడుకు పైన అరిచాను. నవ్వులు పలచబడ్డాయి. ముసలావిడ వంతు వచ్చింది.

"వాకిట్లో నిలబడితే ఎండుపుల్ల కూడా చిగురిస్తుంది కానీ..."

"ఆపు!" అంది అవ్వ మొదటి వరసలోంచి. "నేను చెప్పింది అట్టానా? చిగురిస్తుంది ఏంది, చిగురిస్తుంది? టీవీ వార్తలా?"

నిజమే. మైకు పట్టుకోగానే నా నోట్లోకి ఎవరిదో తెలుగు వచ్చి కూర్చుంది. నెల్లూరు కోసం యుద్ధానికి వచ్చినదాన్ని, సమయానికి నేనే జెండా దించేశాను.

"అయితే నువ్వే చెప్పు!" అన్నాను ఉక్రోషంగా.

"చెప్పలేననుకున్నావా?" అని అవ్వ కొంగు నడుముకు దోపి స్టేజి ఎక్కింది. మస్తానన్న చెయ్యి అందించి ఇంకో మైకు ఇచ్చాడు. దాన్ని అవ్వ గుత్తొంకాయ పట్టుకున్నట్టు పట్టుకుంది.

"చిగురేస్తాది గానీ నీకు పని రాదు, పో!"

ఆ గొంతుకు తెర మీద పిల్ల నిజంగానే ఉలిక్కిపడింది. సరిగ్గా ఆ క్షణానికే ఉలిక్కిపడిందనడానికి నాతో పాటు అందరూ సాక్షులే. అక్కడి నుంచి అవ్వ ఆగలేదు. ముసలావిడ నోరు ఎంతసేపు కదిలితే అంతసేపు మాట్లాడింది. కదలనప్పుడు కూడా కొంచెం మాట్లాడింది. ఊరిపెద్ద పట్టుబట్టలతో వాకిట్లోకి వచ్చాడు. కథ ప్రకారం ఆమె వినయంగా నమస్కారం పెట్టాలి.

"ఏమయ్యా పెద్దమనిషీ! ఓట్లప్పుడు వస్తివి, మళ్ళా ఇప్పుడా వచ్చేది? మా వీధిలో నీళ్ళ సంగతి ఏం చేసినావు?"

ఈసారి హాలు పేలింది వేరే తీరుగా. వెనక వరస కుర్చీలెక్కింది. కిటికీల దగ్గర పక్క క్లాసుల వాళ్ళు చేరారు. నేను పిల్లనై బతిమాలాను, ఆమె ముసలావిడై కసిరింది. చివర్లో పిల్ల కరిగిన కంచు మోసుకొస్తూ తడబడితే, కథలో లేని మాట అవ్వ నోట్లోంచి చాలా మెల్లగా వచ్చింది. "నిదానం తల్లీ. కాలితే కాలింది, మళ్ళా పోద్దాం."

ఆ మాట బొమ్మలో పిల్లతో అన్నదో, నాతో అన్నదో నేను అడగలేదు.

దీపాలు వేశారు. రమణారెడ్డి మాస్టారు మైకు ముందుకు వచ్చారు. ఇక దోషాల జాబితా చదువుతారని నేను ఎదురు జవాబులు వరసగా పేర్చుకున్నాను. ఆయన మా అవ్వ వైపు తిరిగారు.

"అమ్మా, 'చిగురేస్తాది' అనే మాట మా అమ్మ అనేది. పిల్లల పుస్తకాల్లో దాన్ని ఎన్నేళ్ళు ఎర్రసిరాతో కొట్టేసినానో లెక్క లేదు. కొట్టేసినన్ని సార్లూ మా అమ్మనే కొట్టేసినట్టుండాది ఇప్పుడు."

"పోనీలే నాయనా" అంది అవ్వ ధారాళంగా. "నీకు మాత్రం ఏం తెలుసు."

పేర్చుకున్న జవాబులన్నీ వదిలేసి నేను అవ్వకు కుర్చీ తెచ్చి వేశాను.

ఆఖరున ప్రిన్సిపాల్‌గారు లేచారు. మేడం నన్ను చూశారు, నేను నేలను చూశాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"వచ్చే ఏడు గూడా బొమ్మల సినిమా పెట్టండి మేడం. కాకపోతే ఒకటి." ఆయన వేలెత్తారు. "ఇట్టానే ఆడనిది చూసి పెట్టండి."

అందుచేత, ఉదయగిరి వాస్తవ్యురాలు కామాక్షి అను నేను పూర్తి తెలివితో చేయు ప్రమాణం ఏమనగా: ఏ ఫైలైనా సరే, ఆడించే మిషన్లోనే ముందురోజు వేసి చూస్తాను. మస్తానన్న మాట మొదటిసారే వింటాను. ఉచితంగా వస్తుందని ఒక్క బొమ్మ కూడా ఎక్కువ పుచ్చుకోను. చదవడం రాని మనిషిని పిలిచి చీమల బారు చూపించను. ఇవన్నీ ఒప్పుకున్నాను. నెల్లూరు మాట మారుస్తానని మాత్రం ఎక్కడా రాయలేదు, మళ్ళీ ఒకసారి చదువుకోండి. మార్చి తీరాలనే పట్టుదల ఎవరికైనా ఉంటే నేరుగా ఉదయగిరి వచ్చి మా అవ్వతో తేల్చుకోవచ్చు. మధ్యాహ్నం రెండు తర్వాత ఖాళీగానే ఉంటుంది. అన్నం తినే రండి, ఆమె తినమన్నాకే పొమ్మంటుందన్న భరోసా నేను ఇవ్వలేను.